రాంట్జెన్ మహాశయుని జీవితము

మానవదేహము తాళము వేసిన పెట్టెవంటిది. లోపల నేమి జరుగుచున్నదో పైవారికి తెలియదు. రోగి నొప్పి యని చెప్పును. వైద్యుడు నాడి చూచి, చేతితో నొక్కి, చెవితో విని, లోపలి సంగతిని ఊహించును. వేలకొలది యేండ్లు వైద్యశాస్త్ర మిట్టి యూహలమీదనే నడచినది. కత్తి పెట్టకుండ లోపలి యెముకను కంటితో చూచు మార్గమును మానవజాతికి మొట్టమొదట చూపినవాడు విల్‌హెల్ము కాన్రాడు రాంట్జెన్ అను జర్మను పండితుడు. ఆయన మరణించి నూఱేండ్లు దాటినది. అయినను ఆయన కనుగొన్న కిరణములు లేని పెద్ద ఆసుపత్రి నేడు లేదు.

ఆ మహాశయుని చరిత్రమును ఈ సంవత్సరము మా విద్యార్థులకు సంగ్రహముగా చెప్పదలచితిమి. క్రొత్త కిరణములను కనుగొనుట యొక గొప్ప. కనుగొన్నదానిని వెంటనే చాటక, ఒక సాక్ష్యమును మఱియొక సాక్ష్యముతో సరిచూచి, సందేహము తీఱిన పిదపనే నోరు విప్పుట యంతకంటె గొప్ప. ఈ రెండవ గుణముమీద నేటికిని రోగుల బ్రదుకు లాధారపడియున్నవి. ఆ సంగతిని, పురుషుల ప్రాస్టేటు గ్రంథికి వచ్చు క్యాన్సరు వ్యాధి నుదాహరణముగా గైకొని, వ్యాసాంతమున వివరింతుము.

రాంట్జెన్ 1845వ సంవత్సరము మార్చి 27వ తేదీని ప్రష్యా రాజ్యములోని లెన్నెప్ అను చిన్నపట్టణమున జన్మించెను. తండ్రి బట్టలు తయారుచేయించి విక్రయించు వర్తకుడు. తల్లి ఆమ్‌స్టర్‌డామ్ నగరమునుండి వచ్చినది. వారికి ఇతడొక్కడే సంతానము. బాలునికి మూడేండ్ల ప్రాయమున కుటుంబము హాలెండు దేశములోని ఆపెల్‌డోర్ను పట్టణమునకు తరలిపోయెను. చిన్ననాట ఇతడు చదువులో అసాధారణుడని యెవరును తలంపలేదు. అడవులలోను పొలములలోను తిరుగుటయు, చేతితో చిన్నచిన్న యంత్రములు చేయుటయు ఇతనికి మిక్కిలి ప్రీతి. ఈ చేతిపనియే తరువాతి కాలమున ఆయనకు గొప్ప సాధనమయ్యెను. ప్రయోగశాలలో కావలసిన పరికరములను పెక్కింటిని ఆయన స్వయముగా చేసికొనెడివాడు.

1862లో ఇతడు ఊట్రెక్ట్ నగరమున నొక సాంకేతిక పాఠశాలలో చేరెను. అచట నొక యాపద వచ్చిపడినది. తరగతిలో నొక విద్యార్థి ఉపాధ్యాయుని హేళన చేయుచు బొమ్మ గీచెను. ఆ నేరము రాంట్జెన్‌పై బడెను. గీచినవాడు వేఱొకడు. వాని పేరు చెప్పుమని పెద్దలడుగగా రాంట్జెన్ చెప్పలేదు. ఆ కారణమున పాఠశాలనుండి తీసివేయబడెను. మా విద్యార్థులు ఉపాధ్యాయులను హేళన చేయుదురని మే మనుకొనము. కాని నేరము చేయనివాడు శిక్ష ననుభవించుట యెంత కష్టమో వారూహింపగలరు. ఆ దినమునుండి ఆయనకు విశ్వవిద్యాలయ ప్రవేశమునకు వలయు యోగ్యతాపత్రము లేకపోయెను. ఆ కొఱత చాలకాలము ఆయనను వెన్నాడినది.

ప్రవేశపరీక్షలో నెగ్గినవారిని యోగ్యతాపత్రము లేకున్నను చేర్చుకొందురని విని, ఆయన 1865లో స్విట్జర్లండులోని జ్యూరిచ్ పాలిటెక్నిక్ విద్యాలయమునకు పోయి, పరీక్షలో నెగ్గి, యంత్రశాస్త్రమును చదివెను. 1869లో జ్యూరిచ్ విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు పట్టము నిచ్చెను. అచటనే భౌతికశాస్త్ర పండితుడైన ఆగస్టు కుంట్ ఆయనను శిష్యునిగాను సహాయకునిగాను చేకొనెను. 1870లో గురువుతో కూడ జర్మనీలోని వుర్జ్‌బర్గు నగరమునకు వచ్చినపుడు, పాఠశాల యోగ్యతాపత్రము లేదను పాతకారణమునే చూపి, విశ్వవిద్యాలయమువారు ఆయనకు అధ్యాపకత్వమునకు అర్హత నీయలేదు. స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయము 1874లో ఆ యర్హత నిచ్చెను. పిదప హోహెన్‌హైములోను, మఱల స్ట్రాస్‌బర్గులోను, 1879 మొదలు గీసెన్ నగరములోను ఆయన ఆచార్యుడుగా నుండెను. 1888లో వుర్జ్‌బర్గువారే ఆయనను ఆచార్యునిగా పిలిచిరి. 1894లో ఆయననే విశ్వవిద్యాలయాధ్యక్షునిగా ఎన్నుకొనిరి. మూసిన తలుపులు ఓర్పుగలవానికి ఎట్లు తెఱచుకొనునో చూడుడు.

1872లో ఆయన జ్యూరిచ్‌లో పరిచయమైన అన్నా బెర్తా లుడ్విగ్ అను కన్యను వివాహమాడెను. వారికి బిడ్డలు కలుగలేదు. బెర్తా సోదరుని కుమార్తెను ఆరేండ్ల ప్రాయమున దెచ్చి తమ బిడ్డగా పెంచుకొనిరి.

ఇక 1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీ సాయంకాలము. ఆనాటికి ఆయన వయస్సు ఏబది యేండ్లు. గాలిని దాదాపు పూర్తిగా తీసివేసిన గాజుగొట్టములో విద్యుత్తును ప్రవహింపజేసినచో పుట్టు కాథోడు కిరణములను ఆయన పరిశోధించుచుండెను. గొట్టమును నల్లని అట్టతో చుట్టూ కప్పి, గదిని చీకటి చేసెను. విద్యుత్తు నడచినపుడెల్ల, దూరముననున్న కాగితపు తెఱ యొకటి మిణుకుమిణుకుమని మెఱయజొచ్చెను. ఆ తెఱకు బేరియము ప్లాటినోసయనైడు అను పదార్థము పూయబడియుండెను. కాథోడు కిరణములు గాలిలో కొలది అంగుళములకంటె పోజాలవు. వెలుతురు అట్టను దాటి రాజాలదు. అయినచో తెఱను వెలిగించున దేమి?

ఆ రాత్రియే వీధిలోనికి పరుగెత్తి వార్తను చాటియుండిన ఎవరును తప్పు పట్టియుండరు. రాంట్జెన్ అట్లు చేయలేదు. దాదాపు ఏడువారములు ప్రయోగశాలలోనే తినుచు, అచటనే నిద్రించుచు, తాను చూచినది నిజమా, కన్ను చేసిన మోసమా యని పరీక్షించుచుండెను. గొట్టమునకును తెఱకును నడుమ వేయిపుటల గ్రంథము నుంచెను; తెఱ వెలుగుచునే యుండెను. కఱ్ఱను, గాజును, లోహపు రేకులను ఒకదానివెంట నొకటి పెట్టి, ఏది కిరణముల నెంత అడ్డుచున్నదో పోల్చి చూచెను. 15 మిల్లిమీటర్ల మందముగల అల్యూమినియమును ఆ కిరణములు కొంత తగ్గినను దాటెను. 1.5 మిల్లిమీటర్ల సీసపు రేకును దాటలేకపోయెను. అయస్కాంతము కాథోడు కిరణములను వంచును. ఈ క్రొత్త కిరణములను వంచలేదు. కన్ను పొరపడవచ్చునని తలంచి, తెఱకు తోడు ఛాయాచిత్రపు పలకను రెండవ సాక్షిగా పెట్టెను. తెఱ చెప్పినదే పలకయు చెప్పెను. డిసెంబరు 22వ తేదీని భార్యను పిలిచి, ఆమె చేతిని పలకపై నుంచి చిత్రము తీసెను. అందులో ఎముకలును, వ్రేలి యుంగరమును స్పష్టముగా గనబడెను.

అప్పుడుగాని ఆయన కలము పట్టలేదు. డిసెంబరు 28వ తేదీని వుర్జ్‌బర్గులోని భౌతిక వైద్యశాస్త్ర సంఘమువారికి తన వ్యాసము నొప్పగించెను. ఆ కిరణముల స్వభావ మింకను తెలియనందున, గణితములో తెలియని సంఖ్యకు పెట్టు ఎక్స్ అను అక్షరమునే వానికి పేరుగా బెట్టెను. 1896 జనవరి మొదటి వారములోనే వార్త ప్రపంచమంతట వ్యాపించెను. జనవరి 23వ తేదీని ఆయన తన సంఘమునెదుట ఉపన్యసించినపుడు, వృద్ధ పండితుడగు కోలికర్ చేతిని అందఱి ముందర చిత్రము తీసి చూపెను. ఆ కిరణములకు రాంట్జెన్ పేరు పెట్టవలెనని కోలికర్ సూచించెను.

కొలది వారములలోనే వైద్యులు విఱిగిన యెముకలను, దేహములో దిగిన గుండ్లను ఈ కిరణములతో వెదకసాగిరి. ఆయన కోరియుండిన గొప్ప ధనవంతుడై యుండును. కాని తాను కనుగొన్నది లోకమునకెల్ల చెందినదని యెంచి, పేటెంటు హక్కును పుచ్చుకొనలేదు. కులీనులకు చెల్లు బిరుదమును పేరునకు చేర్చుకొనుటకును ఒప్పుకొనలేదు. 1901లో భౌతికశాస్త్రమునకు మొట్టమొదటి నోబెల్ బహుమానము ఆయనకే వచ్చెను. ఆ ధనమును వుర్జ్‌బర్గు విశ్వవిద్యాలయమునకు విడిచెను.

ఈ కిరణములు మేలుతోపాటు కీడును తెచ్చినవని చెప్పక విడువరాదు. తొలినాళ్లలో వాని తీవ్రత నెఱుగక పెక్కుమంది పరిశోధకులు చేతులు కాల్చుకొనిరి. అమెరికాలో ఎడిసన్ సహాయకుడగు క్లారెన్సు డాలీ ఈ కిరణములవలన కలిగిన వ్యాధితో 1904లో మరణించెను. వెలుగు నిచ్చు వస్తువును కొలతతో వాడవలెనని లోకము నేర్చుకొనుటకు చాల మూల్యము చెల్లించినది.

1900లో రాంట్జెన్ మ్యూనిక్ నగరమునకు ఆచార్యుడుగా వెళ్లెను. కడపటి దినములు సుఖముగా గడువలేదు. మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. చిరకాలము వ్యాధిగ్రస్తయై యుండిన బెర్తా 1919లో కన్ను మూసెను. యుద్ధానంతరము జర్మనీలో నాణెమునకు విలువ పడిపోగా ఆయన కూడబెట్టినది చాలవఱకు కరగిపోయెను. 1923 ఫిబ్రవరి 10వ తేదీని, ప్రేగులకు వచ్చిన క్యాన్సరు వ్యాధితో, డెబ్బదియేడవ యేట ఆయన పరమపదించెను. ఆయన భస్మమును గీసెన్ నగరపు శ్మశానవాటికలో బంధువుల చెంత నిక్షేపించిరి.

దేహమునకు కిటికీ తెఱచిన మహాశయుడు దేహములోపల దాగిన వ్యాధిచేతనే పోయెను. దాగిన వ్యాధిని చూచుటకు ఆయన కిరణము లొక్కటే చాలవు. దీనికి కారణము ఆయన ప్రయోగములలోనే యున్నది. కిరణములను కొన్ని వస్తువు లెక్కువగాను కొన్ని తక్కువగాను అడ్డును. ఎముక ఎక్కువగా అడ్డును గనుక తెల్లగా గనబడును. మెత్తని యవయవములన్నియు ఇంచుమించు ఒకేరీతిగా అడ్డును గనుక వానిలో వానికి భేదము గనబడదు. ప్రాస్టేటు గ్రంథి యట్టి మెత్తని యవయవము.

ఈ గ్రంథి పురుషులకు మూత్రాశయము క్రింద, మూత్రనాళమును చుట్టుకొని, అక్రోటుకాయంత ప్రమాణమున నుండును. దానిచుట్టు పలుచని పొర యొకటి కలదు. వెనుక ఎగువభాగమున శుక్రకోశములు, ప్రక్కల సన్నని నరములు నుండును. గ్రంథిలో క్యాన్సరు పుట్టినదని సూదితో ముక్క తీసి పరీక్షించి తెలిసికొన్న పిదప, వైద్యుని యెదుట నొక ముఖ్యప్రశ్న నిలుచును. వ్యాధి పొరలోపలనే యున్నదా? లేక పొరను దాటి, శుక్రకోశములలోనికో, ప్రక్కనున్న లింఫు గ్రంథులలోనికో ప్రాకినదా? లోపలనే యున్నచో ప్రక్క నరములకు హాని లేకుండ గ్రంథిని మాత్రమే తీసివేయుట కవకాశము కలదు. దాటినచో శస్త్రచికిత్స విస్తారముగా చేయవలెను, లేదా కిరణచికిత్సతో వేఱు మందులను కూడ చేర్చవలెను. దాటినదానిని దాటలేదనుకొన్నచో వ్యాధి మిగిలిపోవును. దాటనిదానిని దాటినదనుకొన్నచో రోగి ఊరక అధిక బాధకు లోనగును. ఇరువైపులను నష్టమే.

ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పు సాక్షులు పలువురు కలరు. మొదటిది వైద్యుని వ్రేలు; అది గ్రంథి వెనుకభాగమును మాత్రమే తాకగలదు. రెండవది అల్ట్రాసౌండు, ఇది చెవికి వినబడని ధ్వనితరంగములను పంపి, వాని ప్రతిధ్వనులతో చిత్రమును కట్టును. మూడవది సి.టి. స్కాను. ఇది రాంట్జెన్ కిరణములనే అనేక దిక్కులనుండి పంపి, గణనయంత్రముచేత దేహమును పొరలుపొరలుగా చూపును. 1971లో లండనునగరమున హౌన్స్‌ఫీల్డు అను ఇంజనీరు దీనిని రోగిపై మొదట ప్రయోగించెను. ఇది పెరిగిన లింఫు గ్రంథులను చూపునుగాని, ప్రాస్టేటులో రోగభాగమును ఆరోగ్యభాగమును వేఱుపఱచలేదు. నాలుగవది ఎం.ఆర్.ఐ. ఇందు రాంట్జెన్ కిరణములు లేవు. బలమైన అయస్కాంతమును రేడియోతరంగములును దేహములోని నీటియందలి హైడ్రోజను పరమాణువులను పలికించును. ఒకవిధమైన ఎం.ఆర్.ఐ. చిత్రమున ప్రాస్టేటు వెలుపలిభాగము తెల్లగాను, క్యాన్సరు నల్లని మచ్చగాను గనబడును. అయితే సూదిపరీక్షవలన కారిన రక్తమును కూడ మచ్చవలె భ్రమింపజేయును. అందుచేత ఆ పరీక్ష ముందు జరిగియున్నచో కొన్ని వారములాగి చిత్రము తీయుట మంచిది.

ఈ సాక్షులలో ఎవరి మాట నమ్మదగినది? రాంట్జెన్ తెఱను పలకతో సరిచూచినట్లే, వైద్యులును వీరిని పోల్చి చూచిరి. శస్త్రచికిత్సలో తీసిన గ్రంథిని సన్నని ముక్కలుగా కోసి, సూక్ష్మదర్శినితో చూచి, అసలు నిజమును తేల్చి, చిత్రము ముందు చెప్పిన దానితో సరిపోయెనా యని లెక్కించిరి. 1990లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధనలో 230 మంది రోగులను ఎం.ఆర్.ఐ. తోను అల్ట్రాసౌండుతోను పరీక్షించిరి. వ్యాధి నిజముగా ముదిరినవారిలో ఎం.ఆర్.ఐ. నూటికి 77 మందిని, అల్ట్రాసౌండు 66 మందిని సరిగా గుర్తించెను. వ్యాధి గ్రంథిలోనే యున్నవారిలో ఎం.ఆర్.ఐ. 57 మంది విషయమున, అల్ట్రాసౌండు 46 మంది విషయమున మాత్రమే నిజము చెప్పెను. ఎం.ఆర్.ఐ. ముందున్నట్లు తోచినను, ఆ భేదము గణితరీత్యా నిశ్చయముగా చెప్పదగినంత కాలేదు. క్రొత్త యంత్రమని దానిని పొగడక, ఉన్నది ఉన్నట్లు వ్రాసిన ఆ పరిశోధకులు రాంట్జెన్ మార్గమున నడచినవారే.

అటుపిమ్మట ఎం.ఆర్.ఐ. యంత్రములు చాల మెఱుగుపడినవి. 2016లో 75 పరిశోధనలను కలిపి లెక్కవేయగా, పొర నిజముగా దాటినవారిలో ఎం.ఆర్.ఐ. నూటికి 57 మందిని పట్టుకొన్నదనియు, దాటనివారిలో 91 మందిని దాటలేదని సరిగా చెప్పినదనియు తేలెను. శుక్రకోశముల విషయమున ఈ యంకెలు 58, 96. మా విద్యార్థుల కర్థమగునట్లు చెప్పుదుము. ఎం.ఆర్.ఐ. యొక ఊరికావలివాడు. దొంగ లేనపుడు అతడు ఊరక కేకవేయుట యరుదు. కావున కేక వినబడినచో లేవవలసినదే. కాని వచ్చిన దొంగలలో సగముకంటె కొంచెమెక్కువమందినే అతడు చూడగలడు. కావున కేక వినబడలేదు గదా యని తలుపు తీసి నిద్రింపరాదు. కంటికి గనబడనంత సూక్ష్మముగా పొరను దాటిన వ్యాధి ఏ చిత్రమునకును దొరకదు. అందుచేతనే వైద్యులు చిత్రముతోపాటు రక్తపరీక్షను, సూదిముక్క చెప్పిన వ్యాధితీవ్రతను కలిపి తీర్పు చేయుదురు.

ఐదవ సాక్షి పెట్ స్కాను. ప్రాస్టేటు క్యాన్సరు కణములపై నధికముగా నుండు పి.ఎస్.ఎం.ఏ. అను పదార్థమునకు అంటుకొను మందును, స్వల్పమైన రేడియోధార్మిక ద్రవ్యముతో గలిపి రక్తములోనికెక్కించి, అది యెచట చేరునో చూతురు. 2020లో ఆస్ట్రేలియాలో 302 మందిపై జరిగిన పరిశోధన ప్రకటింపబడెను. లింఫు గ్రంథులకును దూరపు అవయవములకును ప్రాకిన వ్యాధిని కనుగొనుటలో ఈ పద్ధతి నూటికి 92 పాళ్లు సరియైన సమాధానము నిచ్చెను, సి.టి. స్కానును ఎముకల స్కానును కలిపిన పాతపద్ధతి 65 పాళ్లు మాత్రమే యిచ్చెను. కాని యీ పోలిక దూరమునకు ప్రాకుటను గూర్చినది. ప్రక్కపొరను దాటుటను గూర్చినది కాదు. ఒక ప్రశ్నకు ఉత్తమసాక్షియైనవాడు వేఱొక ప్రశ్నకును ఉత్తముడే యనుకొనరాదు.

తలిదండ్రులకు ఒక మాట మనవి చేయుదుము. మన యిండ్లలో పెద్దవారు మూత్రబాధను ముసలితనమని సరిపెట్టుకొందురు, లేదా సిగ్గుచేత దాచుదురు. వయస్సు మళ్లినవారి కట్టి బాధ తఱచుగా క్యాన్సరు కాని గ్రంథివృద్ధివలననే కలుగును. కావున భయపడి దాచనక్కఱలేదు. మొదటి దశలో క్యాన్సరు ఏ బాధయు లేకుండ నుండవచ్చును. కావున బాధ లేదని నిర్లక్ష్యము చేయరాదు. వైద్యునితో మాటలాడుటయే మార్గము. ఒక్క చిత్రమును చూచి గుండె చెదరుటయు, ఒక్క చిత్రమును చూచి నిశ్చింతగా నుండుటయు రెండును తగవు. ఆ చిత్రము ఏ ప్రశ్నకు ఉత్తరము చెప్పగలదో, దేనికి చెప్పలేదో వైద్యునడిగి తెలిసికొనవలెను.

విద్యార్థులారా, మీలో కొందఱు ముందుముందు వైద్యులు, దాదులు, ఇంజనీరులు కాగలరు. మీరే పనిలో నున్నను, చూచినదానిని మఱల చూడుడు, ఒక సాక్షి పలికినదానిని రెండవ సాక్షితో సరిచూడుడు, తెలిసినంతవఱకే చెప్పుడు. పాఠశాలనుండి వెడలగొట్టబడిన బాలుడు లోకమునకు వెలుగు చూపగలిగెను. ఆ వెలుగును చూపుటకు ముందు ఏడువారములు మౌనముగా పరీక్షించుటచేతనే ఆయన మాట నేటికిని నిలిచియున్నది.